మామ చేతికిచ్చిన తాడు

మామను లారీ గుద్దిందని కబురు తెచ్చినవాడు మా వాకిట్లో సైకిల్ కూడా దిగలేదు. నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోయే పని కూడా పడలేదట, ప్రాణం అక్కడికక్కడే పోయిందట. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. నల్లమలలో తేనె కోసం కొండ అంచున వేలాడిన చెంచు మనిషి, పులి తిరిగే దారిలోనే తిరిగిన మనిషి, తారు రోడ్డు దాటుతూ పోవడమేమిటి? పులులకు అడ్డమని వాళ్ల గూడేన్ని సర్కారు ఖాళీ చేయించి, ఆ రోడ్డు పక్కన వరస ఇళ్లలో పెట్టి ఏడాది కూడా కాలేదు.

ఆయన మాకు మామ ఎలా అయ్యాడో చెప్పాలి. మాది అచ్చంపేట దగ్గర జొన్నలు పండించే కుటుంబం. ఏది పోయినా చెంచులే ఎత్తుకుపోయారనడం మా ఊరికి అలవాటు. నా పెళ్లయిన కొత్తలో మా మేకలు కనపడకపోతే, తేనె అమ్మడానికి వచ్చిన ఆయన్ని నాయిన బండికి కట్టేసి కొట్టించాడు. మర్నాడు మేకలు వాగు అవతల నుంచి వాటంతటవే ఇల్లు చేరాయి. నాయినకు ముద్ద దిగలేదు. అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని గూడేనికి పోయి, తప్పయిందన్నాడు.

ఆయన వీపు మీద వాతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నార తాడు భుజాన వేసుకుని మమ్మల్ని కొండకు రమ్మన్నాడు. అంచు దగ్గర తాడు కొస నాయిన చేతిలో పెట్టాడు.

"తేనెకు దిగేటోని తాడు బామ్మర్దే పట్టాలె. అక్క బొట్టు పోవద్దని వాడు ఇడువడు. నా పెండ్లానికి అన్నదమ్ములు లేరు. నువ్వు పట్టు."

"కొట్టినోన్ని. నన్నెట్ల నమ్ముతవు?"

"నమ్మకపోతె గీ అడివంచున ఇద్దరం ఎట్ల బతుకుతం?" అని దిగిపోయాడు.

నాయిన అరచేతుల తోలు లేచిపోయింది గాని తాడు జారలేదు. ఆనాటి నుంచి ఆయన నాయినకు బావ, నాకు మామ. మా ఇంట్లో మాతోపాటే కూర్చుని తినేవాడు. ఊళ్లో కొందరు మూతులు ముడిచారు, ముడుచుకోనీ. తేనె తెచ్చినప్పుడల్లా "పట్టు మొత్తం తియ్యొద్దు బిడ్డా, ఈగకు గూడ ఇల్లుండాలె" అనేవాడు. గూడెం పోయాక ఆ మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

నిన్న మట్టికి పోయాం. గుంతలోకి దింపడానికి ఆ నార తాడే తెచ్చారు. మామ భార్య, మా అత్త, ఒక కొస నాయినకిచ్చి, "పట్టు తమ్మీ" అంది. దింపాక అందరూ తాడు వదిలేశారు. మన్ను పొయ్యాలె, ఇడువుమని ఎవరెంత చెప్పినా నాయిన వినలేదు. లోపల మన్ను పడుతుంటే, తాడు కొస రెండు చేతులా బిగించి, గుంత అంచున కాళ్లు తన్నిపెట్టి, అట్లాగే నిలబడ్డాడు.