ట్యాంకుకి పట్టిన చీమలు

ఇవాళ పొద్దున్నే మా పాత జీపు పెట్రోలు ట్యాంకుకి చీమలు పట్టాయి. నా చిన్నప్పుడూ ఇలాగే పట్టాయి.

అప్పుడు మెకానిక్ రహీం మామ ట్యాంకు విప్పి, అందులో బెల్లపు మడ్డి పోస్తుంటే చూశాను. తీపి పడితే ఇంజను చస్తుందని మా వీధి పిల్లలందరికీ తెలుసు. పైగా ఆ జీపు తనకే అమ్మమని అతను నాన్నని ఎప్పుడూ అడిగేవాడు. పరిగెత్తి నాన్నకి చెప్పేశాను.

“మడ్డి తుమ్మపాల పంచదార మిల్లు నుంచి నేనే తెచ్చేనే. ట్యాంకులో తుప్పు మడ్డికి వదిలేక కడిగేత్తాడు,” అన్నాడు నాన్న.

అయితే ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నమాట! ట్యాంకు మళ్ళీ బిగించిన రోజు ఎంత బతిమాలినా నేను జీపెక్కలేదు.

ఇప్పుడు అదే ట్యాంకులో తుప్పు వదలాలని మడ్డి పోసింది నేను. మా పాప చీమలని చూసి, నా మొహంలోకి చూసింది.

“అమ్మా, ఇందులో ఏటి పోసేవ్?”

నిజం చెప్పినా నమ్మదని నాకు తెలుసు.