ముప్పై లీటర్ల సముద్రం

దేవదాసు గారికి నీళ్లు కనబడితే చాలు, జేబులోంచి టెస్ట్ ట్యూబ్ బయటికొస్తుంది. మాచర్ల స్టేషన్ రోడ్డులో రక్తపరీక్షల ల్యాబ్ ఆయనది. కానీ ఆర్నెల్లుగా జనం రక్తం కన్నా ఊరి నీళ్ల మీదే ఆయన ధ్యాస. హోటల్లో గ్లాసు పెడితే తాగరు. ట్యూబులో పోసి, మందు చుక్కలు వేసి, నీలం రంగు తేలుతుందేమోనని వెలుతురుకి పట్టుకుంటారు. మొన్న ఆదివారం చర్చిలో బాప్తిస్మం తొట్టె మీదికి వంగితే పాస్టరుగారు గుర్రుమన్నారు.

"దేవదాసూ, అవి ప్రార్థన చేసిన నీళ్లయ్యా!"

"ప్రార్థన సరే అయ్యగారూ, ఫాస్ఫేటు ఎంతుందో చూస్తన్నా."

ఈ వేటంతా ల్యాబ్‌లో ఉన్న గాజుతొట్టి కోసం. ముప్పై లీటర్ల ఉప్పునీళ్లు, ఒక నారింజరంగు చేప, చెన్నై నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బతికున్న పగడం. కొత్తగా చేరిన టెక్నీషియన్ ప్రిస్కిల్లా మొదటిరోజు దాని ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. చుట్టూ నాపరాళ్లూ మిరపచేలూ తప్ప ఏమీ లేని ఊళ్లో, రక్తం తిప్పే మిషన్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య మూరెడు చోట్లో సముద్రం! పగడం సన్నటి వేళ్లు విప్పినప్పుడల్లా ఆమెకి ఊపిరి తీసుకోవడం కూడా గుర్తుండేది కాదు.

ఆ పగడానికే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. నీళ్లలో ఫాస్ఫేటు పాయింట్ ఒకటి దాటకూడదు. పాయింట్ నాలుగుంది. దాంతో పచ్చటి పాకుడు పెరిగి పగడాన్ని కమ్మేస్తోంది. పెద్ద ఫిల్టరు పెడదామంటే చోటు లేదు. నీళ్లు మారిస్తే రెండ్రోజులు దిగి మళ్లీ ఎక్కుతుంది.

దేవదాసు గారు ఉప్పు ప్యాకెట్టుని అనుమానించారు. వాటర్ ప్లాంటుని, యార్డు నుంచి ఎగిరొచ్చే మిరపదుమ్ముని, చివరికి ప్రిస్కిల్లా చేతులకి రాసుకునే క్రీముని కూడా.

ప్రిస్కిల్లా మాట్లాడే మనిషి కాదు, రాసుకునే మనిషి. నెలరోజుల అంకెలు వరసగా రాసి చూసింది. ల్యాబ్ మూసిన ఆదివారం అంకె కదలదు. సోమవారం జనం వస్తారు, అంకె లేస్తుంది. మర్నాడు మైక్రోస్కోపు వదిలి, తొట్టి ఉన్న ముందుగదిలోకి తొంగి చూసింది.

కుర్చీలో నౌషాద్, ఆరడుగుల లారీ డ్రైవరు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"సార్, మీకు దణ్ణం పెడతా. సూది వద్దు, పోతా."

"సూది సంగతి ఎవడడిగాడ్రా? పాపం, చేప పొద్దుట్నుంచీ పస్తు. చిటికెడు మేత వెయ్యి."

నౌషాద్ ఎడంచేత్తో వేశాడు. చేప గిర్రున పైకొచ్చి గుటుక్కున మింగింది. "ఇంకొంచెం వెయ్యనా సార్?" అని నవ్వేసరికి అతని కుడిచేతికి దూది అంటించి ఉంది.

పస్తున్న చేపకి అది ఆ పూట పదిహేడో భోజనం.

అతను వెళ్లాక ప్రిస్కిల్లా మెల్లగా అంది, "సార్, ఫాస్ఫేటు మేతలోంచే వస్తంది."

ఆయన తల వంచుకున్నారు. "మొదట్నుంచీ తెలుసమ్మాయ్."

"మరి ఊరి నీళ్లన్నీ ఎందుకు పరీక్ష చేశారు?"

"తప్పు ఇంకెక్కడన్నా దొరికితే మేత ఆపక్కర్లేదు గదా అని! భయపడేవాళ్ల చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి గదమ్మా."

అంతకుముందు పగడాన్ని చూసినట్టే, ప్రిస్కిల్లా ఆయన్ని చూసింది.

మేత రోజుకి రెండుసార్లే అనుకున్నారు. టిఫిన్ డబ్బా అంత పెట్టెని తొట్టి వెనక వేలాడదీసి, పైన బల్బు పెట్టి, సముద్రపు నాచు పెంచారు. నాచు ఫాస్ఫేటుని తిని పెరుగుతుంది. పెరిగింది పీకి పారేస్తే ఫాస్ఫేటూ దాంతోనే పోతుంది. నెల తిరిగేసరికి అంకె పాయింట్ ఒకటి. పగడం మళ్లీ వేళ్లు విప్పింది. జనం మాత్రం సూదిని చూసి లేచిపోతున్నారు.

"పగడాన్ని చెన్నై పంపిచ్చేస్తానమ్మాయ్," అన్నారు దేవదాసు గారు. "మళ్లీ మేత మొదలెడతా."

అప్పుడే కోటమ్మ వచ్చి కూర్చుంది. మిరపచేలల్లో కూలికెళ్లే పెద్దావిడ. షుగర్ పరీక్షకని వచ్చి అప్పటికి రెండుసార్లు పారిపోయింది. దేవదాసు గారి చెయ్యి మేతడబ్బా వైపు పోయింది. ప్రిస్కిల్లా గబుక్కున ఒక పట్టకారు తీసి కోటమ్మ ఎడంచేతిలో పెట్టింది.

"అత్తా, ఆ పెట్టెలో పోగు ఒకటి లాగుతావా?"

"ఏందమ్మాయ్ అది?"

"సముద్రంలో కలుపు."

"సముద్రానికి గూడా కలుపేనా!" కోటమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "ఏదీ, జరుగు."

నలభై ఏళ్లు మిరపచేను శుభ్రం చేసిన చెయ్యి. పోగు పోగూ ఏరి గట్టున పెట్టినట్టు పళ్లెంలో వరసగా పెడుతోంది. సూది దిగింది, రక్తం వచ్చింది, దూది అంటింది. వెనక ఆరుగురు వరసలో నిలబడ్డారు. కోటమ్మ లేవదు.

"అయిపోయిందత్తా. రేపొచ్చి రిపోర్టు తీస్కో," అన్నారు దేవదాసు గారు.

"రిపోర్టు సంగతి తర్వాత చూద్దాంగానీ, కలుపు మళ్లీ ఎన్నాళ్లకి లేస్తదయ్యా?"