రెండుసార్లు గుంజితే

మర్జూక్‌కు నీళ్లంటే భయం. అలెగ్జాండ్రియాలోని అన్ఫూషీ జాలరిపేటలో పుట్టి, అరవై రెండేళ్లు సముద్రం మీదే బతికి, ఈ మాట పైకి అంటే కాఫీ కొట్టులో పరువు పోతుందని ఎవరితోనూ అనలేదు. వాళ్ల అన్న ఊపిరి బిగబట్టి దూకి అడుగున పీతలు ఏరేవాడు. మర్జూక్ పడవలో కూర్చుని అన్న నడుముకు కట్టిన తాడు పట్టుకునేవాడు. అన్న జ్వరంతో పోయాక అతని కొడుకు బదావీకి పట్టాడు. మనిషి పైకి తేలేదాకా మర్జూక్ నీళ్ల మీంచి చూపు తిప్పేవాడు కాదు. తాడు పట్టడంలో మాత్రం అతనికి సాటి లేరు. భయస్థుడు కునుకు తీయడు మరి.

ఇప్పుడు బదావీ పీతల కోసం దిగడం లేదు. తూర్పు రేవులో ఎన్నో వందల ఏళ్ల కిందట మునిగిపోయిన పాత రేవుగట్టు రాళ్లను పురాతత్వ పరిశోధన చేసే డాక్టర్ నజ్లా కోసం కొలుస్తున్నాడు. పడవ మీది యంత్రం గొట్టంలోంచి గాలి పంపుతుంది. నీళ్లు మురికి, చాచిన చెయ్యి కనబడదు. అందుకని మాటలన్నీ తాడు మీదే. నజ్లా కాగితం మీద రాసి పడవకు అంటించింది: ఒకసారి గుంజితే బాగున్నాను, రెండుసార్లు గుంజితే తాడు వదులు చెయ్యి, నాలుగుసార్లు గుంజితే పైకి లాగు. ఆ కాగితం చూస్తే మర్జూక్‌కు ఒళ్లు మండేది. అన్ఫూషీలో తాతల నాటి నుంచీ రెండంటే పైకి లాగమనే. ఊపిరి అయిపోతున్నవాడికి నాలుగుసార్లు గుంజే ఓపిక ఎక్కడ ఏడ్చింది?

"చదువుకున్నోళ్ల లెక్క బాబాయ్, అలవాటు చేసుకో," అనేవాడు బదావీ.

"నా చెయ్యి బడికెళ్లలేదురా!"

"నాది మాత్రం వెళ్లిందా? నేను చేసుకోలా?"

నిజమే, రెండు నెలలుగా బదావీ ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ మంగళవారం పొద్దున బదావీ చిక్కుళ్లు పెట్టిన రొట్టె సగం తిని, మిగతాది బాబాయి పక్కన పెట్టాడు. "నేనొచ్చేలోగా మింగేశావో, చూడు!" అని దిగాడు.

కాసేపటికోసారి ఒక గుంజు వచ్చింది. తర్వాత రాలేదు. బుడగలు పలచబడ్డాయి, ఆగిపోయాయి. మర్జూక్ లేచి నిలబడ్డాడు. అప్పుడు తాడు రెండుసార్లు కదిలింది.

"రెండు! తాడు వదులు, హాజీ!" అని నజ్లా అరిచింది.

మర్జూక్ తాడు వదల్లేదు, లాగనూ లేదు. వాడు తాడే అడిగి ఉంటే, తను లాగితే రాళ్లకు కొట్టుకుని మెడ విరుగుతుంది. లాగమని అడిగి ఉంటే, తను వదిలితే అక్కడే పోతాడు. వాడికిద్దరు ఆడపిల్లలు.

"వదలమంటుంటే!"

భయపడ్డవాడు కాగితం మీది మాట మాట్లాడడు, నాన్న నేర్పింది మాట్లాడతాడు. భయం సంగతి ఆ పడవలో మర్జూక్‌కు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"యా అల్లా!" అని కాళ్లు తన్నిపెట్టి లాగాడు. తాడు కదల్లేదు. ఇంకోసారి లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. అడుగున ఏదో జారినట్టయి తాడు ఒక్కసారిగా వచ్చేసింది. బదావీ దగ్గుతూ తేలాడు. వీపంతా గీరుకుపోయి రక్తం కారుతోంది.

నజ్లా అతన్ని పడవలోకి లాక్కుంది. రాయి కింద పాత దుంగ కొస తగిలితే తడిమాడట. రాయి ఒరిగి భుజాన్నీ గాలి గొట్టాన్నీ నొక్కేసిందట.

"మరి రెండే గుంజావేంటయ్యా?" అంది నజ్లా, ముఖం పాలిపోయి.

"రెండా? నాలుగూ గుంజాను కదా, డాక్టరమ్మా!"

మర్జూక్‌కు ఇదేమీ వినబడలేదు. నీళ్లకేసి చూస్తూ, తాడు బిగించి పట్టుకునే ఉన్నాడు.

"బాబాయ్, వచ్చేశాను. వదిలెయ్."

వదల్లేదు. బదావీ పక్కకు జరిగి, తన నడుము దగ్గర తాడు పట్టుకుని ఒకసారి గుంజాడు.

మర్జూక్ వేళ్లు అప్పుడు విడిపోయాయి. అన్ఫూషీ అంతా విన్నా సరేనని బావురుమన్నాడు.