శెనక్కాయ అని చదువు

హాస్టల్ గదిలో అవ్వ బైబిలు జిప్పు కవరు తీస్తే ముడతలు పడిన వేరుశెనగ విత్తనం ఒకటి రాలింది. మీకూ గుర్తుందా, వానలకు ముందు ఇల్లంతా కాయలు ఒలిచే చప్పుడు, వేళ్లకంటిన ఎర్ర దుమ్ము?

విత్తనానికి ఒలుస్తూ అవ్వ నాచేత బైబిలు చదివించేది. గోధుమగింజ మట్టిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుంది, చస్తే విస్తారంగా ఫలిస్తుందనే మాట వచ్చిన రోజు, "గోధుమలు మనకు యాడ పండుతాయి పాపా? శెనక్కాయ అని చదువు," అనింది. అలాగే చదివాను. చావడం అనేసరికి జాలేసి ఒక విత్తనాన్ని గుప్పిట్లో దాచాను.

అవ్వ చూసి నవ్వింది. "బతికిస్తాండావా? పాపం, మాట్లాడేకి దానికి పక్కన ఇంకోటి గూడా ఉండదే!" అని దాన్ని ఈ కవర్లోనే పెట్టింది.

ఇప్పుడు అవ్వ లేదు. కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి అనంతపురం కాలేజీకి వచ్చాక, నా పల్లె మాటకు నవ్వుతారేమోనని నేనెవరితోనూ నోరు విప్పలేదు. 'ఒంటిగానే' అన్న మాట ఎంత బరువో ఈ గదిలోనే తెలిసింది. చావాల్సింది నా భయమే.

వేయించిన కాయల డబ్బా తీసుకుని పక్క గది తలుపు తట్టాను.

"అక్కా, శెనక్కాయలు తింటావా?"

తలుపు తీసినామె పక్కకు జరిగి దారిచ్చింది.

"రా పాపా. నేనూ ఒక్కదాన్నే ఉండా."