నేను పెట్టిన మునగాకు

నా చెల్లెలు టి. నగర్‌లో ఒక చీరల కొట్లో పద్నాలుగేళ్లు పనిచేసింది. పనంటే పొద్దస్తమానం నిలబడటమే. కొనేవాళ్లకు కుర్చీలుండేవి, అమ్మేవాళ్లకు కాళ్లుండేవి. ఒకరోజు ఎడమ పిక్క వాచిపోయి అడుగు పడలేదు. కాలి రక్తనాళంలో గడ్డకట్టిందని పెద్దాసుపత్రిలో రక్తం పలచన చేసే మాత్రలు రాశారు. ఉన్నట్టుండి ఆకుకూరలు ఎక్కువ చేయొద్దు, మాత్ర పనిచేయదని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను.

విని నవ్వుకున్నాను. ఆకుకూర తిని చెడినవాళ్లు లోకంలో ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో చిక్కటి రక్తమే బలం. ఎవరి మొహం పాలిపోయినా మా అమ్మ మునగాకు దూసేది. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. వ్యాసర్పాడిలో మేమిద్దరం ఉండే మేడ వెనకే చెట్టుంది. మాత్రలు మొదలైన వారానికే చెల్లెలు నీరసంగా ఉందంది. ఇంకేం, రోజూ మునగాకే. వేపుడు, పప్పు, చివరికి అడై దోసెల పిండిలో కూడా.

"నన్ను మునగచెట్టెక్కించేదానివి, ఇప్పుడు చెట్టునే అన్నం తట్టలోకి దించేస్తివేక్కా" అని నవ్వేది.

నెలనెలా పరీక్షలో మాత్ర సరిగ్గా పట్టడం లేదని తేలేది. వాళ్లు మోతాదు పెంచేవారు. నేను ఆకు పెంచేదాన్ని. ఏం తింటున్నావని డాక్టర్ అడిగితే "మామూలే సార్" అనేది. అలా చెప్పమని కసిరింది నేనే.

ఏడాది తిరిగేసరికి మెట్ల సగంలో ఆగి గోడ పట్టుకునేది. ఒళ్లు బరువెక్కిందని తిట్టాను. వీధి చివరి క్లినిక్‌లో చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ చక్కగా ఉండేది. అది చూసుకుని ఇంకా తిట్టాను. ఒకరోజు లారీ నీళ్ల దగ్గర నిండు నీళ్ల కుడంతో సహా పడిపోయింది. అప్పుడు గాని నాకు భయం వేయలేదు.

పెద్దాసుపత్రిలో తెలుగు తెలిసిన డాక్టరమ్మ ఊపిరితిత్తుల రక్తనాళాలను కొమ్మలూ రెమ్మలుగా కాగితం మీద గీసింది. కాలిలోని గడ్డలు తెగి పైకొచ్చి ఇక్కడ ఇరుక్కున్నాయట. కరగకుండా మచ్చల్లా గట్టిపడి నాళాల గోడలకు అంటుకుపోయాయి. దారి మూసుకుపోయి ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి పెరిగింది. చేతికి కట్టే పట్టీకి ఆ ఒత్తిడి తెలియదు. రక్తాన్ని తోసీ తోసీ గుండె కుడివైపు ఉబ్బిపోయింది. పెద్ద కొమ్మల్లో ఉంటే ఆపరేషన్ చేసి తీసేవాళ్లమనీ, ఇవి సన్న రెమ్మల్లోకి పోయాయనీ, ఇక మందులూ ఆక్సిజనేననీ చెప్పింది. ఎన్నాళ్లని నేను అడగలేదు.

"మాత్ర ఎందుకు పట్టలేదు? ఆకుకూరలు ఎక్కువ పెట్టారా?" అని నన్నడిగింది.

మంచం మీద చెల్లెలు ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంది.

"అక్క వద్దనే చెప్పింది డాక్టర్. నేనే... చాటుగా... తిన్నా."

ఆ కాస్త మాటకు మూడుసార్లు ఊపిరి తీసుకుంది. అదొక్కటే కారణమని చెప్పలేం, మందు సరిగ్గా వాడినవాళ్లకూ ఇలా వస్తుందని డాక్టరమ్మ అంది. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు.

ఇంటికొచ్చాక, ఎందుకలా అబద్ధమాడావే అని ఏడ్చాను.

"ఆడ నిన్ను తిడితే... నేను చూస్తా ఉండాల్నా?" అంది.

మర్నాడే చెట్టు కొట్టించేశాను. నెల తిరక్కుండానే మొదట్లోంచి చిగుళ్లు పెట్టింది. చెల్లెలు కిటికీలోంచి వాటిని చూసి, నాకేసి తిరిగి నవ్వబోయింది. ఊపిరందక మధ్యలోనే ఆపేసింది.