నోటీసు లేని రాజీనామా

నా మెడలో ఒకసారి ఒక బంతిపూల దండ పడింది. అది ఏనాడో ఎండి చెత్తలో కలిసింది. దాని బరువు మాత్రం ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మహబూబాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేదాన్ని. ల్యాబ్‌లో ఉండేది ఇద్దరమే, నేనూ యాకూబీ. నాకంటే చిన్నది, నోరారా అక్కా అని పిలిచేది. ఆమె భర్త భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపేవాడు. ఈమె చంటిబిడ్డతో అత్తగారింట్లో ఇక్కడ. పండక్కొకసారి కలుసుకునే కాపురం. తండ్రి వస్తే ఎవరో కొత్తమనిషని ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చేది.

మా దవాఖానలో ఒక పద్ధతి ఉండేది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు డాక్టరు సార్ బీరువాలో పెట్టాలి. మానేయాలంటే నెల ముందు చెప్పాలి, ఆ నెలా పనిచేయాలి, కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పాలి. అప్పుడే సర్టిఫికెట్లు చేతికొస్తాయి.

యాకూబీకి భూపాలపల్లిలో ఒక నర్సింగ్ హోంలో పని కుదిరింది. నెల రోజులు ఆగుతామన్నారట. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పి చిన్నపిల్లలా గంతులేసింది. సార్‌కు నోటీసిచ్చి, తల వంచుకుని పని చేసుకుంటోంది.

నేనేం చేశాను? ఆ నర్సింగ్ హోంకు ఫోన్ చేశాను. వెంటనే చేరతాను, తీసుకుంటారా అని అడిగాను. వాళ్లకు మనిషి అవసరం. వచ్చెయ్యమన్నారు.

ఎందుకు చేశావే అని నన్ను నేనే అడుగుతుంటాను. జీతం కాస్త ఎక్కువ, నిజమే. కానీ అది కాదు. నాకు పెళ్లి లేదు, పిల్లల్లేరు, ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. ఆమె వెళ్లిపోతే ఆ ఇరుకు గదిలో సార్ తిట్లన్నీ నేనొక్కదాన్నే పడాలి, పైగా ముందు చేరిన నేను ఇక్కడే పడి ఉండగా నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల బాగుపడిపోతోందే అన్న కుళ్లు. అదీ సంగతి. కుళ్లుకు ఇంకో పేరు పెట్టను.

మరి నోటీసు నెల? ఆ రోజుల్లో రాజీనామా అంటే పుణ్యకార్యం. తెలంగాణ కోసం కొలువు వదిలానంటే ఎదురు ప్రశ్న ఉండేది కాదు. పొద్దున్నే సెంటర్లోని దీక్షా శిబిరానికి వెళ్లి, రాష్ట్రం కోసం నౌకరి వదిలేస్తున్నానని చెప్పాను. ఇక చూడండి! డప్పులు, నుదుట బొట్టు, మెడలో దండ. నినాదాలిస్తూ నన్ను దవాఖానకు తీసుకొచ్చారు. సార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. నోటీసు మాటెత్తితే తెలంగాణ ద్రోహి అవుతాడు. బీరువా తీసి, అందరి ముందూ నా సర్టిఫికెట్లు నా చేతిలో పెట్టాడు.

ఆ రోజంతా దీక్షలో కూర్చున్నాను. నిజంగా కొలువులు వదులుకుని నష్టపోయినవాళ్లు నా పక్కనే ఉన్నారు. సాయంత్రం దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం తెచ్చింది ఎవరో కాదు, యాకూబీయే.

"ఎంత ధైర్యం అక్కా నీది! నాకైతే గింత గుండె లేదు."

"సార్ నిన్ను ఇడుస్తడా గిప్పుడు?" అన్నాను. ఎందుకడిగానో!

"కొత్తోళ్లు దొరికేదాంక జర ఆగుమన్నడు. నువ్వేం పరేషాన్ గాకు. గక్కడోళ్లు ఆగుతమన్నరు గద. రూం సూడుమని మా ఆయనకు చెప్పిన. ముందుగాల నువ్వు గిది తాగు."

తాగాను. నా కోసమని చక్కెర ఎక్కువేసింది.

తెల్లారి భూపాలపల్లి బస్సెక్కాను. కాటారంలో చుట్టాల దగ్గరుండి ఉద్యమంలో తిరుగుతున్నానని అందరికీ చెప్పాను. కొన్నాళ్లకు యాకూబీ భర్త నర్సింగ్ హోంకు వచ్చాడు. మా ఆమె వస్తున్నది, రూం కూడా పట్టిన అని చెబుతున్నాడు. ఆ పని ఎప్పుడో నిండిపోయిందన్నారు. నేను అతని కంటపడకుండా ల్యాబ్ తలుపు వెనక దాక్కున్నాను. అతను వెళ్లిపోయాడు. యాకూబీ మహబూబాబాద్‌లోనే ఉండిపోయింది. బిడ్డ బడికి వెళ్లే ఈడు వచ్చాక కూడా వాళ్లది పండక్కొకసారి కాపురమే అని తర్వాత విన్నాను.

ఇప్పుడు నేనుండేది జనగామలో. మొన్న ఇక్కడి బస్టాండులో యాకూబీ ఎదురుపడింది. నెరిసిన జుట్టు, పక్కన ఎదిగిన కూతురు. నన్ను చూసి పరుగున వచ్చి వాటేసుకుంది. కూతురితో, "నేను చెప్త గద, గీ అక్కనే! తెలంగాణ కోసం నౌకరి ఇడిచిపెట్టింది" అంది. ఆ పిల్ల నన్ను కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. చంటిదై ఉన్నప్పుడు తండ్రిని గుర్తుపట్టక ఏడ్చిన పిల్ల.

ఆ పిల్ల తల నిమిరాను. ఛీ, నా బతుకు! వాళ్ల బస్సు వచ్చింది, వెళ్లిపోయారు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కూడా. ఆ రోజు ఆ పిల్లతో అనాల్సిన మాట ఎక్కడో ఒకచోట అనేస్తే ఊపిరాడుతుందని ఇదంతా రాశాను. నేను తెలంగాణ కోసం రాజీనామా చేయలేదమ్మా. మీ అమ్మ కొలువు కోసం చేశాను.