నాయిన చెప్తే కట్టిన బండి

మా నాయిన వనపర్తిల ట్రాక్టర్లకు ట్రాలీలు కట్టేటోడు. అటు అమరచింత దాక ఏ ఊరికి పోయినా ఆయన చేతి ట్రాలీ ఒకటన్న కనబడేది. యాభై దాటినంక చూపు మందగించింది. కర్నూలు తీస్కపోయి చూపిస్తే కంటి నరాలు ఎండిపోయినయి, ఇగ చూపు రాదన్నరు. ఏడాది తిరిగేసరికి వెలుగు, చీకటి తప్ప ఇంకేం తెల్వకుంటయింది. వెల్డింగ్ దుకాణం మూతపడ్డది.

అది రెండువేల ఏడో, ఎనిమిదో. నేను బస్టాండ్ దగ్గర కంప్యూటర్ సెంటర్ల టైపింగ్ నేర్పించేదాన్ని. ఇంట్ల ఊకె కూసోని అమ్మతోని కొట్లాడుతుండని, మధ్యాహ్నం నాయినను ఎంబడి తీస్కపోయేదాన్ని. ఆ యాళకు నేర్చుకునేటోళ్లు ఎవరూ రారు. కంప్యూటర్ల ఎవరో ఎక్కించిపోయిన ఆట ఒకటి ఉండె. చక్రాలు, కడ్డీలు, ఇంజను తెచ్చి అతికించి మన బండి మనమే కట్టుకోవాలె. మీట నొక్కితే కదుల్తది. ఎదురుంగ గుట్ట ఎక్కాలె.

ఏం చేస్తున్నవని నాయిన అడిగితే చెప్పిన. ఎన్ని చక్రాలన్నడు. ఇంజను ఏడ పెట్టినవన్నడు. ఆ దినం నుంచి ఇద్దరికీ అదే పని. ఇరుసు జానెడు ఎన్కకు జరుపుమని గాలిల చెయ్యి చాపి కొలిచి చూపెట్టేటోడు. బండి కూలినా ఒక్క మీటతోని మళ్ల ఎప్పటి లెక్క నిలబడ్తదని చెప్తే, తల అడ్డంగ ఊపిండు.

"ఇనుము గట్ల కాదు బిడ్డా. ఒక్కపారి తప్పు కోస్తే తప్పే," అన్నడు.

అయినా మర్నాడు నాకన్నా ముందే చెప్పులు తొడుక్కొని కూసున్నడు.

ఒక గుట్ట మాత్రం ఎంతకూ ఎక్కలేకపోయినం. ఖిల్లా ఘణపూర్ గుట్ట లెక్క నిటారుగ ఉంటదని చెప్పిన. ఇంటికాడ మంచం మీద పండుకొని వేళ్లు ఆడిచ్చుకుంట లెక్కలేసేటోడు. ఒకనాడు పొద్దుగాల, దొరికిందన్నడు. ఇంజను, బరువు మొత్తం ఎన్కకు పెట్టుమన్నడు. చెప్పినట్టే పెట్టిన. సగం ఎక్కినంక ముంగటి చక్రాలు లేచి, బండి ఎల్లెలుకల పడ్డది. నేను నాయిన మొఖం చూసిన. అంత ఆశ ఆ మొఖంల చూసి ఎన్ని నెలలైందో.

"ఎక్కింది నాయినా," అన్న.

నవ్విండు. మోకాలు చరుచుకున్నడు. తర్వాత, ముంగటి చక్రాలు లేవలేదా అని అడిగిండు. లేవలేదన్న. అరచెయ్యి గాలిల ఏటవాలుగ పట్టి కొలుచుకున్నడు.

"లేస్తయి బిడ్డా. బరువంత ఎన్కకు పెట్టించిన గద. లేవకుండ ఎట్లుంటయి?"

నేను మీట నొక్కి బండిని మళ్ల నిలబెట్టిన.

"నాకు కండ్లు లేవు. నువ్వు చెప్పిందే నా చూపు," అన్నడు. గొంతు పెంచలే. ఇంటికి తీస్కపొమ్మన్నడు.

మర్నాడు కాళ్లు నొస్తున్నయని రాలే. ఆ తర్వాత నేను పిలిచినా రాలే. వారానికి నేనొక్కదాన్నే కూసోని, ఇంజను ముందుకు జరిపి, ఇరుసుల నడుమ ఎడం పెంచిన. బండి గుట్ట ఎక్కింది. సెంటర్‌కు తాళమేసి ఇంటికి ఉరికిన.

"నిజంగ ఎక్కింది నాయినా. ఈసారి నిజంగనే."

"అట్లనా," అన్నడు. మంచి మాట చెప్పినవు అన్నట్టు తల ఊపి, గోడ దిక్కు ఒత్తిగిల్లిండు.

ఇంకా మూడేండ్లు బతికిండు. ఏ బండి గురించీ నన్ను మళ్ల అడగలే.